నా గంటను ఎవరికీ ఇవ్వని డాక్టరమ్మ

మొన్న మా మనవరాలు పాత సామాన్ల అంగట్లో ఒక పేము కుర్చీ చూసి మోజుపడి ఇంటికి తెచ్చింది. కూచొని చూడవ్వా అంటే కూర్చున్నాను. నడుము వాల్చగానే పేము కిర్రుమంది. ఆ చప్పుడుతో పాటే నీలగిరి తైలం వాసన, తడిగుడ్డతో తుడిచిన ఎర్రగచ్చు చల్లదనం, కిటికీ బయట జట్కా గుర్రం గిట్టల టకటక, అన్నీ ఒక్కసారిగా వచ్చి మీద పడ్డాయి. ఈ కుర్చీకి తైలం వాసన లేదని నాకు తెలుసు. అయినా వచ్చింది. హోసూరులో తుంగమ్మ డాక్టరమ్మ గదిలో ఇలాంటి కుర్చీలోనే ఏళ్ళ తరబడి, గురువారం తర్వాత గురువారం కూర్చున్న మనిషిని నేను. వయసు మీదపడి మరిచిపోయినవి చాలా ఉన్నాయి గానీ ఆ గదిలో ఒక్క మూల కూడా మరిచిపోలేదు.

బోర్డు మీద డాక్టర్ తుంగాబాయి అని ఉండేది. ఆవిడ కోలారు వైపు మనిషి. బెంగుళూరులో జనం పిచ్చాసుపత్రి అని పిలిచే చోట కొన్నాళ్ళు పనిచేసి, ఇంగ్లండు సీమకు పోయి ఇంకేదో చదివొచ్చి, చివరికి హోసూరులో ఒక పెంకుటింట్లో దవాఖానా పెట్టుకున్నారు. పొద్దుటిపూట జ్వరాలు, దగ్గులు, కాన్పులు చూసేవారు. మధ్యాహ్నం నుంచి వేరే పని. ఆ వేరే పని ఏమిటో ఊళ్ళో ఎవరికీ అంతుపట్టేది కాదు. ఒక మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని గంటసేపు మాట్లాడతారట, మళ్ళీ వారం అదే రోజు అదే వేళకు రమ్మంటారట, మందు లేదు, సూది లేదు, అట్లా ఏళ్ళకేళ్ళు సాగుతుందట. యాభైల నాటి హోసూరు ఎంత? నాలుగు వీధులు, చల్లటి గాలి, కొండమీద గుడి. అంత చిన్న ఊళ్ళో ఆ పని చేస్తూ కూర్చోవడానికి ఎంత మొండితనం కావాలో ఇప్పుడు తలుచుకుంటే తెలుస్తుంది. అలాంటి మొండిమనిషి చేతిలో పడ్డానని నేను ఈ రోజుకీ గొప్పగా చెప్పుకుంటాను.

ఇక నా సంగతి. దాచుకునేదేమీ లేదు, సిగ్గుపడేది అంతకన్నా లేదు. నేను బేరిగైలో పుట్టి, కృష్ణగిరిలో చింతపండు మండీ ఉన్న ఇంటికి కోడలిగా వచ్చాను. నా కోపం పేటంతా ప్రసిద్ధి. కోపమంటే అందరికీ వచ్చిపోయే కోపం కాదది. ఎవరైనా నాతో నాలుగు మంచి మాటలు మాట్లాడితే వాళ్ళే నాకు దేవుళ్ళు. వాళ్ళకు వండిపెట్టాలి, నా మెడలోది తీసి వాళ్ళ మెడలో వెయ్యాలి. అదే మనిషి మరునాడు నన్ను గమనించకుండా దాటిపోతే వాళ్ళంత పాపిష్టివాళ్ళు భూమ్మీద లేరు. మా ఆయన మండీ నుంచి కాస్త ఆలస్యంగా వస్తే నన్ను వదిలేసి పోయాడనుకునేదాన్ని. అనుకోవడం కాదు, నాకు అప్పుడు అదే నిజం. ఆయన గడపలో అడుగుపెట్టేసరికి వంటింట్లో కుండ మిగిలేది కాదు. ఆయన ఒక మాట తిరిగి అంటే బావివైపు పరుగెత్తేదాన్ని, ఇరుగుపొరుగు పట్టి లాక్కొచ్చేవాళ్ళు. కాసేపటికల్లా ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని, నన్ను వదలొద్దని ఏడుపు. వేపమండలు, తాయెత్తులు అన్నీ అయ్యాయి. చివరికి మా అత్త, ఇది గాలీ కాదు ధూళీ కాదు, దీని గుణమే ఇంత అని తేల్చేసింది. ఆ మాట నన్ను కాల్చుకుతినింది. గాలి అయితే వదులుతుంది, గుణం ఎట్లా వదులుతుంది?

అయితే నన్ను హోసూరు బస్సెక్కించింది మా అత్త మాట కాదు, మా పద్మ. అప్పటికి దానికి నాలుగేళ్ళు. ఒకరోజు వెనక వాకిట్లో పక్కింటి పిల్లలతో చింతగింజలు ఆడుతోంది. ఆటలో ఒకటే నవ్వు. నేను ఊరికే దాన్ని చూద్దామని, మంచి మనసుతోనే, తలుపు దాటి బయటికొచ్చాను. నా మెట్టెల చప్పుడు వినగానే నవ్వు ఆగిపోయింది. గింజలన్నీ గౌనులోకి ఎత్తుకుని, లేచి నిలబడి, నా ముఖంలోకి చూసింది. మబ్బు పట్టిందా లేదా అని ఆకాశం వంక చూస్తారే, అట్లా. ఏమీ అడగలేదు, ఏడవలేదు. మెల్లగా వెనక్కి నడిచి వాళ్ళ అవ్వ కొంగు పట్టుకుంది. ఆ రోజు నేను ఏ కుండా పగలగొట్టలేదు. రాత్రి మా ఆయనతో, నా బిడ్డ నన్ను చూసి భయపడుతోంది, ఏదైనా చెయ్యి అని మాత్రం అన్నాను. ఇంకో సంగతి కూడా అప్పటికే ఇంట్లో నలుగుతోంది. బర్గూరులో ఉండే మా ఆడబిడ్డకు పిల్లలు లేరు. పద్మను బడిలో వేసే ఈడు రాగానే తను తీసుకుపోయి పెంచుకుంటానని అంటోంది. ఎవరూ కాదనడం లేదు. కాదనడానికి నాకు నోరెక్కడిది?

మొదటిసారి మా ఆయన, అత్త, నేను ముగ్గురం పోయాము. తుంగమ్మగారు సన్నగా, పొడుగ్గా, గంజిపెట్టిన తెల్లచీరలో, మందపాటి కళ్ళద్దాలతో ఉన్నారు. వాళ్ళిద్దరినీ వరండాలో కూర్చోబెట్టి నన్ను మాత్రం లోపలికి పిలిచారు. నన్ను "మీరు" అన్నారు. అప్పటిదాకా నన్ను మీరు అన్నవాళ్ళు లేరు. చెప్పండి నాగరత్నమ్మా అని, ఇక ఏమీ మాట్లాడకుండా, తొందరేమీ లేనట్టు కూర్చున్నారు. నేను ఏం చెప్పానో గుర్తులేదు గానీ మా పద్మ చూపు గురించి చెప్పానని గుర్తుంది. తర్వాత ఆవిడ బయటికొచ్చి మా ఆయనతో, ప్రతి గురువారం మూడు గంటలకు రావాలి, ఒక గంట, ఏళ్ళు పడుతుంది అన్నారు. ఎన్నేళ్ళని ఆయన అడిగాడు. తెలియదన్నారు. తెలియదని చెప్పిన డాక్టరును నేను మొదటిసారి చూడటం. మా అత్త మాత్రం ఊరుకోలేదు.

"ఒట్టి మాటలకేనామ్మా ఇంత దూరం బస్సెక్కి రావాల్సింది? మాటలు మా ఇంట్లో జాస్తిగానే ఉండాయి."

"మీ ఇంట్లో మాటలు వద్దనే ఇక్కడికి రమ్మంటా ఉండాను" అన్నారు డాక్టరమ్మ, నవ్వకుండా.

నా రోగానికి పేరేమిటని కూడా నేను ఒకసారి అడిగాను. ఇంగ్లీషులో చెప్పారు. పర్సనాలిటీ అనే మాట అప్పుడే మొదటిసారి విన్నాను. తెలుగులో చెప్పమంటే, మనిషి అల్లికలోనే ఎక్కడో పోగు బిగుసుకుపోవడం అన్నారు. లాగితే తెగుతుందట, ఓపికగా విప్పాలట. ఆ పేరు నా పనికోసం, మీరు దాన్ని మోసుకుని తిరగాల్సిన పని లేదు అని కూడా అన్నారు. మా అత్త గుణం అని తేల్చేసిన దాన్నే ఈవిడ విప్పదగ్గ చిక్కు అన్నారు. ఆ ఒక్క తేడా పట్టుకుని నేను మళ్ళీ గురువారం దాకా బతికాను.

ఇక చెప్పాలా, రెండు మూడు నెలల్లో ఆవిడ నాకు దేవత అయిపోయారు. మా తోట మామిడిపళ్ళు, మల్లెపూల దండలు, కజ్జికాయలు మోసుకుని పోయేదాన్ని. మీరు వస్తే చాలు నాగరత్నమ్మా అని అవన్నీ వరండాలో కూర్చున్న రోగులకు పంచిపెట్టించేవారు. ఒక్క పువ్వు కూడా తలలో పెట్టుకునేవారు కాదు. లోలోపల నాకు ఎక్కడో రగులుతూనే ఉంది. ఒక గురువారం మా అమ్మ ఊసు వచ్చి నేను గుక్కపట్టి ఏడుస్తున్నాను. గోడ గడియారం నాలుగు కొట్టింది. ఆవిడ లేచి నిలబడి, వచ్చే గురువారం ఇక్కడినుంచే మొదలుపెడదాం అన్నారు. నా ఒళ్ళంతా భగ్గుమంది. నేనింత ఏడుస్తుంటే గడియారం చూస్తావా అని మొదలుపెట్టి, తెలుగు తిట్లు చాలక అరవంలోకి దిగాను. బల్లమీది నీళ్ళ చెంబు గోడకు కొట్టాను. నీ గడప మళ్ళీ తొక్కితే నేను మా నాయనకు పుట్టలేదన్నాను. మాలో గడప తొక్కనని ఒట్టు పెట్టుకున్నామంటే తలకాయ తెగినా తొక్కం. అలా మాటలు తెంచుకుని చచ్చేదాకా ఒకరి ముఖం ఒకరు చూసుకోని అన్నదమ్ములు మా చుట్టాల్లోనే ఉన్నారు.

ఆవిడ చెంబు తీసి బల్లమీద పెట్టారు. నేను తలుపు దాటుతుంటే వెనకనుంచి, కోపం లేకుండా, బతిమాలకుండా ఒక మాట అన్నారు.

"మీరు వచ్చినా సరే, రాకపోయినా సరే. ఆ గంట మీదే."

మళ్ళీ గురువారం వచ్చింది. నేను మంచం దిగలేదు. మా ఆయన బతిమాలి, విసుక్కుని మండీకి పోయాడు. మా అత్తకు మాత్రం కాళ్ళు నిలవలేదు. పల్లెల్లో బావినీళ్ళకు వంతులుంటాయి కదా, మన వంతు రోజు ఇంటి పెద్దకు జ్వరమొస్తే కొడుకు పోయి నీళ్ళు పెడతాడు, కొడుకు లేకపోతే కూతురు. వంతును ఎండబెట్టేవాళ్ళు ఎవరూ ఉండరు. మా అత్త లెక్క కూడా అదే. ఆ గంట మన ఇంటిది, ఇది పోకపోతే ఏం, నేను పోతాను, నాకు మాత్రం బాధలు లేవా అని, మంచి చీర కట్టుకుని, సద్ది మూట కట్టుకుని హోసూరు బస్సెక్కింది. ఆ తల్లి అమాయకత్వం తలుచుకుంటే నాకు ఇప్పటికీ నవ్వాగదు. పొద్దుగూకేముందు తిరిగొచ్చి, కాళ్ళు కూడా కడుక్కోకుండా నా మంచం దగ్గర చతికిలబడింది.

డాక్టరమ్మ ఆమెకు కాఫీ ఇప్పించారట. మోకాళ్ళ నొప్పికి తైలం కూడా ఇచ్చారట. కానీ లోపలి గదిలోకి పోయి ఆ పేము కుర్చీలో కూర్చోబోతే మాత్రం అడ్డం వచ్చారట. మీరు కావాలంటే పొద్దుటిపూట వేరే రోజు రండి, మీ బాధలు వింటాను, ఈ గంట నాగరత్నమ్మది, ఇంకెవరికీ ఇవ్వడానికి లేదు అన్నారట. సరే పోనీ అని మా అత్త వరండాలో కూర్చుని కిటికీలోంచి తొంగిచూసిందట.

"తలుపు తీసిపెట్టి, ఆ ఖాళీ కుర్చీ ఎదురుగా గంటసేపు చుమ్మా, ఊరికే కూచొని ఉండాదే ఆమె. బుక్కు చదవలేదు, ఒక అల్లిక లేదు, కునుకు తియ్యలేదు. నువ్వు ఆడ ఉన్నట్టే కూచొని ఉండాది. నాలుగు కొట్టినాక లేసింది. పిచ్చి నీదో ఆమెదో నాకైతే తెలీలేదు."

నేను నమ్మలేదు. మళ్ళీ గురువారం మా అత్త తనంతట తనే పోయి చూసొచ్చింది. ఈసారి నాకోసం కాదు, ఆవిడ ఇంకా అలాగే కూర్చుంటున్నారా లేదా తెలుసుకోకపోతే ఆమెకు అన్నం సయించేలా లేదు. అలాగే కూర్చున్నారట. బయట జ్వరమొచ్చినవాళ్ళు వచ్చినా నాలుగయ్యేదాకా ఆగమన్నారట. అందరూ నా కోపానికి పారిపోయినవాళ్ళే. తిట్లు తిని, చెంబుదెబ్బ గోడమీద మచ్చగా మిగిలాక కూడా, నాకోసం చోటు పట్టుకుని కూర్చున్న మనిషి నా పుట్టుకలో లేదు. ఆ మరుసటి గురువారం ఒట్టు తీసి గట్టున పెట్టి బస్సెక్కాను. మా వంశంలో గడప ఒట్టు తప్పిన మొదటి మనిషిని నేనే. దానికి కూడా నాకు గర్వమే.

లోపలికి పోతే రండి అన్నారు, నిన్నో మొన్నో వచ్చిపోయినట్టు. ఎందుకు రాలేదని అడగలేదు. నేను కూర్చున్నాక, మీరు రాని వారాల్లో నేనేమైపోయాననుకున్నారు అని అడిగారు. అదేం ప్రశ్నో నాకు మొదట అర్థం కాలేదు. ఆలోచించి, మీరు నన్ను మరిచిపోయినారనుకున్నాను, మా అత్త చెప్పేదాకా మీరు లేనే లేరన్నట్టు ఉండింది అన్నాను. అది చెబుతుంటేనే మా అమ్మ గుర్తొచ్చింది. మా అమ్మ కొట్టే మనిషి కాదు. కోపమొస్తే మాట మానేసేది. నేను ఎదురుగా నిలబడి అమ్మా అంటుంటే నా వెనకున్న గోడను చూసేది. రోజులు గడిచిపోయేవి. ఆరేడేళ్ళ పిల్లను, నేను నిజంగానే ఉన్నానా అని అద్దంలో చూసుకునేదాన్ని. ఎవరికైనా కోపమొస్తే నేను లేకుండా పోతాను, నాకు కోపమొస్తే వాళ్ళు లేకుండా పోతారు. నా చిక్కంతా అక్కడ పడింది. అది కనుక్కున్న రోజు నాలుగు కొట్టినా నాకు కోపం రాలేదు.

ఇదంతా చెబితే ఒక్క రోజులో నయమైపోయినట్టు ఉంటుంది. లేదు. కుండలు ఆ తర్వాత కూడా పగిలాయి. ఆవిడను ఇంకా చాలాసార్లు తిట్టాను. శూలగిరి దాకా పోయి బస్సు దిగి వెనక్కి వచ్చేసిన రోజులున్నాయి. గంట మాత్రం కదల్లేదు. ఒకసారి కష్టమైన కాన్పు ఉండి ఆవిడే ఆలస్యంగా వచ్చారు. చేతులు తుడుచుకుంటూ గదిలోకి వచ్చి, తప్పు నాది, మిమ్మల్ని కాచుకునేలా చేసినాను, కోపం వచ్చుంటే చెప్పండి అన్నారు. పెద్దవాళ్ళు తప్పు ఒప్పుకోవడం నేను చూడటం అదే మొదలు. కోపం వచ్చిందని చెప్పాను. చెప్పడానికీ చెంబు విసరడానికీ మధ్యన ఇంత జాగా ఉందని అప్పుడే తెలిసింది.

ఆ జాగాను ఆవిడ ఇంకా పెంచారు. కోపం ఒంట్లో ఎక్కడ పుడుతుంది, ఎక్కడిదాకా ఎక్కితే చెయ్యి లేస్తుంది అని వారం వారం అడిగి నాచేతే కనుక్కునేలా చేశారు. నాది మోకాళ్ళలో వణుకుగా మొదలై, పొట్టలోకొచ్చి, మెడ దాటితే ఇంక నా చేతుల్లో ఉండదు. మెడకు రాకముందే పైకి చెప్పెయ్యండి, ఎవరూ లేకపోతే గోడకైనా చెప్పండి అన్నారు. ఇక మా ఇంట్లో తమాషా చూడాలి. నేను పొయ్యి దగ్గర నిలబడి, నాకు పొట్టదాకా వచ్చిందని కేకేసేదాన్ని. మా అత్త పరుగెత్తుకొచ్చి అట్లకాడ, గరిటె తీసి అవతల పెట్టి, యాడుందే ఇప్పుడు, దిగిందా, ఎక్కిందా అని జ్వరం చూసినట్టు అడిగేది. కొన్నాళ్ళకు ఆమెకూ అలవాటైపోయింది. ఒకరోజు మా ఆయన పప్పులో ఉప్పెక్కువైందంటే, నాకు మెడ కాడికొచ్చింది జాగ్రత్తప్పా అంది కొడుకుతో. మండీ గుమాస్తాలు కూడా ఆ మాట వాడటం మొదలుపెట్టారు.

ఆడబిడ్డ పద్మను తీసుకుపోవడానికి బర్గూరు నుంచి వచ్చిన రోజు నాకు బాగా గుర్తుంది. పిల్ల బట్టలు మూటకట్టి ఉన్నాయి. నాకు కాళ్ళ వణుకు మొదలైంది. గోడకానుకుని నిలబడి, నాకు మెడదాకా వచ్చింది, కొంచెంసేపు ఎవరూ ఏమీ అనొద్దు అని చెప్పి కళ్ళు మూసుకున్నాను. కళ్ళు తెరిచేసరికి అందరూ అలాగే ఉన్నారు. నేను ఆడబిడ్డతో, నా బిడ్డను నేను పెంచుకుంటానక్కా, నాకు రావడం లేదు గానీ నేర్చుకుంటా ఉండాను అన్నాను. ఆమె వాళ్ళమ్మ వైపు చూసింది. మా అత్త మూట విప్పేసింది.

"పిల్ల ఈడే ఉండనీ. ఇది మెడ కాడ ఆపగలిగింది చూసినావు కదా. మనలో ఎవురు ఆపినారు ఎబ్బుడైనా?"

పిల్ల దక్కింది గానీ పిల్ల భయం పోలేదు. అది చెప్పుకుని నేను డాక్టరమ్మ దగ్గర ఎన్ని గురువారాలు ఏడ్చానో. పద్మ చెప్పినమాట విసుక్కోకుండా వినేది. పెట్టింది తినేది. ఇరుగుపొరుగు దానిని చూసి ఎంత బుద్ధిమంతురాలో అని మెచ్చుకునేవాళ్ళు. ఆ బుద్ధి భయంలోంచి వచ్చిందని నాకు తెలుసు. నేను గదిలోకి వస్తే ఇంకా ముందు నా ముఖమే చూసేది. అరవడం మానేసి ఏళ్ళయింది కదా, ఇది ఇంకా ఎందుకిట్లా ఉంది అని అడిగాను. ఆ ఏళ్ళలో దానికి జరిగింది దాని ఒంట్లో ఉంది, మీకు ఎన్నేళ్ళు పట్టిందో దానికీ అన్నేళ్ళు పట్టొచ్చు అన్నారు ఆవిడ. నేనేం చెయ్యాలన్నాను. నేను మీకేం చేసినాను, కూర్చున్నాను, మీరూ కూర్చోండి అన్నారు.

ఆ రోజుల్లోనే మద్రాసు నుంచి ఆవిడకు చదువు చెప్పిన పెద్ద డాక్టరు వచ్చారు. నా గంట ముగిసి వరండాలో చెప్పులు వేసుకుంటుంటే లోపల ఇంగ్లీషులో వాదన వినిపించింది. ఆయన గొంతు పెద్దది. నా వైపు చెయ్యి చూపించారని కూడా గమనించాను. మోకాళ్ళ వణుకు అప్పుడే మొదలైంది. మళ్ళీ గురువారం పోగానే ఆయన నా గురించి ఏమన్నారని నిలదీశాను. ఇంకెవరైనా అయితే మాట దాటేసేవారు. ఆవిడ దాటెయ్యలేదు.

"ఇట్లాంటివాళ్ళు మారరు, వీళ్ళమీద నీ కాలం పోగొట్టుకోవద్దు అన్నారు. నేను ఒప్పుకోలేదు. మా నాగరత్నమ్మ మారుతా ఉండేది నేను కళ్ళారా చూస్తా ఉండాను అని చెప్పినాను."

మా నాగరత్నమ్మ అన్నారు. అన్నేళ్ళలో ఆ ఒక్కసారే. చదువు చెప్పిన గురువు ముందు నన్ను చూపించి నిలబడ్డారు ఆవిడ. కృష్ణగిరి బస్సెక్కాను. కిటికీలోంచి వచ్చే గాలికి కళ్ళనీళ్ళు వాటంతటవే ఆరిపోయాయి.

పద్మకు పన్నెండేళ్ళప్పుడు బడి పిల్లలందరినీ మా ఊరి డ్యాముకు వనభోజనానికి తీసుకుపోతామన్నారు. డ్యాము కట్టి అప్పటికి ఎన్నో ఏళ్ళు కాలేదు. వానలు ముదిరి నీళ్ళు నిండుగా ఉన్నాయి. నేను పంపనన్నాను. పొద్దున పలహారం వేళ. దాని పళ్ళెంలో అనపగింజల ఉప్మా ఉంది. మామూలుగా అయితే సరేమ్మా అని తలవంచుకుని తినేది. ఆ రోజు తలెత్తింది. పళ్ళెం ఎత్తి నేలకేసి కొట్టింది. ఉప్మా నా చీర మీదంతా పడింది.

"నువ్వు ఎబ్బుడూ ఇంతే. నీకు నేనంటే ఇష్టం లేదు. నీ మాట నేను విననే వినను పో" అని ఊరు వినేలా అరిచింది.

ఇల్లంతా బిగుసుకుపోయింది. పూజగదిలోంచి మా అత్త ఉరికొచ్చి మా ఇద్దరి మధ్యన నిలబడి చేతులు చాచింది, పాత రోజుల్లో మాదిరిగా. మా ఆయన చేతిలో లోటా అలాగే ఆగిపోయింది. నేను మాత్రం పిల్లనే చూస్తున్నాను. పిడికిళ్ళు బిగించి, ముక్కుపుటాలు ఎగరేస్తూ నిలబడి ఉంది. నా ముఖంలో మబ్బు వెతకడం లేదు. దాని కోపంలో అది ఉంది, నేనేమవుతానో దానికి పట్టనే లేదు. నాకు ఒక్కసారిగా అర్థమైంది. నా కూతురికి నేనంటే భయం పోయింది. అరిచినా అమ్మ ఎక్కడికీ పోదని దానికి ఎప్పుడో, నాకు తెలియకుండానే, నమ్మకం కుదిరిపోయింది. నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, రెండూ మింగుకుని, అత్తను మెల్లగా పక్కకు జరిపాను.

"అరుచుకో. నేను యాడికీ పోను, నువ్వూ పోవద్దు. డ్యాముకు మాత్రం పంపను" అన్నాను.

అది ధడాలున తలుపేసుకుంది. మధ్యాహ్నం ఆకలేసి తనే బయటికొచ్చింది. కోపం ఇంకా దిగలేదు. మూతి ముడుచుకునే నా పక్కన కూర్చుని అన్నం తినింది. చిన్న పిల్లప్పుడు కూడా అది నా పక్కన కూర్చుని తినలేదు, వాళ్ళవ్వ పక్కనే. ఆ సాయంత్రం మా అత్త వీధి అరుగుమీద కూర్చుని, మా పద్మ ఈ పొద్దు వాళ్ళమ్మ మీద పళ్ళెం విసిరింది తెలుసా అని వచ్చేపోయే వాళ్ళందరికీ చెప్పుకుంది. వినేవాళ్ళకు ఇదేం సంబరమో అర్థం కాక నోళ్ళు తెరిచారు.

గురువారం దాకా ఎలా ఆగానో నాకే తెలియదు. కుర్చీలో సరిగ్గా కూర్చోకముందే చెప్పేశాను. డాక్టరమ్మ పూర్తిగా విన్నారు. కళ్ళద్దాలు తీసి చీర చెంగుతో తుడుచుకున్నారు. తుడవాల్సింది అద్దాలను కాదని నాకు తెలుస్తూనే ఉంది. తర్వాత ఆవిడే, మన గురువారాలు మెల్లగా తగ్గించుకునే సంగతి ఇంక మాట్లాడుకోవచ్చు కదా నాగరత్నమ్మా అన్నారు. భయమేసింది, ఆ మాటే చెప్పాను. భయంతోనే తగ్గించుకుందాం అన్నారు. అలాగే చేశాము, ఏడాది పైనే పట్టింది. ఆఖరి గురువారం నేను తీసుకుపోయిన మల్లెపూలు ఆవిడ తలలో పెట్టుకున్నారు. కొన్నేళ్ళకు కళ్ళు కనబడక తమ్ముడి ఇంటికి కోలారు వెళ్ళిపోయారు, అక్కడే పోయారు. ఆవిడ చేతిలో బాగుపడినవాళ్ళు నాలాంటివాళ్ళు ఇంకెందరో ఉండాలి. ఎవరి సంగతీ ఆవిడ నోరు జారి ఎవరికీ చెప్పలేదు కాబట్టి నాకు ఒక్కరి పేరూ తెలియదు. నా సంగతి నేను చెప్పుకోవచ్చు కనుక చెబుతున్నాను.

పద్మకు ఇప్పుడు తల నెరిసింది. కోపం వస్తే ఇల్లు ఎగిరిపోయేలా అరుస్తుంది, కాసేపటికి మరిచిపోతుంది. నిన్న పొద్దున నేను దొంగచాటుగా చక్కెర వేసిన కాఫీ తాగుతూ దొరికిపోయాను. ఈ వయసులో బుద్ధి లేదా, చెప్పిన మాట ఒక్కటైనా వింటావా అని వంటింటి గడపలో నిలబడి అరగంట దులిపేసింది. నేను గ్లాసు కింద పెట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఆఖరి మాటదాకా కూర్చుని విన్నాను. కన్నకూతురి చేత తిట్లు తిని నా అంత గర్వపడే తల్లి కృష్ణగిరి జిల్లాలో ఇంకొకతె ఉండదు.